క్యాన్సర్ తిరగబెట్టిందేమోనన్న అనుమానం: రిపోర్టు తేలేదాకా రోజులు ఎలా గడపాలి?

చికిత్స ముగిసి ఏడాదో రెండేళ్ళో అయ్యాక, మామూలు చెకప్‌లో డాక్టరు "ఒకసారి పెట్ సీటీ తీయిద్దాం" అంటారు. అంటే ఇంజెక్షన్ ఇచ్చి, ఒంట్లో క్యాన్సర్ జాడ ఉందేమో చూసే స్కాన్. ఆ మాటకూ ఫలితానికీ నడుమ వారం, పది రోజులు పట్టవచ్చు. ఆ రోజుల్లో "ఏమీ కాదులే, ధైర్యంగా ఉండు" అనడం దండగ. ఏమీ కాదని ఎవరికీ తెలియదు. ఆ సంగతి రోగికే అందరికన్నా బాగా తెలుసు.

మొదట ఫైలు. పాత రిపోర్టులు, స్కాన్ సీడీలు తేదీల వారీగా పెట్టండి. వీలైతే పాత స్కాన్ తీసిన చోటే కొత్తదీ తీయించండి.

స్కాన్‌కు ముందు ఆరు గంటలు ఏమీ తినకూడదు, మంచినీళ్ళు తాగవచ్చు. ముందురోజు బరువు పనులు వద్దు. షుగరు మందులు, ముఖ్యంగా మెట్‌ఫార్మిన్, ఎప్పుడు ఆపాలో సెంటరువాళ్ళను అడగండి. శాలువా తీసుకెళ్ళండి. ఇంజెక్షన్ తర్వాత గంటసేపు ఏసీ గదిలో కదలకుండా ఉండాలి. చలేస్తే మెడ దగ్గరి ఒక రకం కొవ్వు ఆ మందును పీల్చుకుని చిత్రాన్ని గందరగోళం చేస్తుంది. ఆ మందులో కాస్త రేడియేషన్ ఉంటుంది, అందుకే ఆ రోజంతా పసిపిల్లలకూ గర్భిణులకూ దూరంగా ఉండండి.

సెంటరు వదిలే ముందు మూడు ప్రశ్నలు అడగాలి: రిపోర్టు ఏ రోజు వస్తుంది, ఎవరు చెబుతారు, ఆలస్యమైతే ఎవరికి ఫోన్ చేయాలి. బయాప్సీ (చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) అయితే వారం అనుకోండి. అదనపు పరీక్షలు కలిస్తే ఇంకొన్ని రోజులు పడుతుంది. ఆలస్యమైనంత మాత్రాన చెడ్డ కబురని కాదు.

బంధువుల ఫోన్లు ఒక్కరే ఎత్తాలి. "రిపోర్టొచ్చిందా?" అన్న ప్రశ్నకు రోజుకు పదిసార్లు జవాబు చెప్పే పని రోగికి పెట్టవద్దు.

ఆందోళనకు రోజూ సాయంత్రం ఐదింటికి అరగంట కేటాయించండి. నోటుపుస్తకంలోనే, ఫోన్‌లో కాదు, మనసులో తిరిగేదంతా రాయండి. డాక్టరును అడగాల్సినవి ఒక పక్క, ఎవరూ జవాబు చెప్పలేనివి ఇంకో పక్క. మిగతా వేళల్లో భయం వస్తే "ఐదింటికి" అని వాయిదా వేయండి. ఆలోచించకూడదని పట్టుబడితే ఆ ఆలోచనే మళ్ళీ మళ్ళీ వస్తుంది. వేళ ఇస్తే కాస్త తగ్గుతుంది. పడుకునే ముందు మాత్రం ఈ పని పెట్టుకోవద్దు.

ఇక అసలు చిక్కు. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. చెన్నైలో స్కాన్ తీయించుకుని ఆ సాయంత్రమే రైలెక్కి నెల్లూరో గూడూరో చేరతారు. మర్నాడు రాత్రి తొమ్మిదింటికి ఫోన్‌కు లింకు వస్తుంది. డాక్టరు దొరికేది సోమవారం. లింకు తెరుస్తారు, తెలియని మాటలను గూగుల్‌లో వెతుకుతారు, తెల్లార్లూ నిద్ర ఉండదు.

ఆ రిపోర్టు డాక్టరు కోసం రాసింది. కనిపించిన ప్రతి చిన్న మార్పునూ అందులో రాస్తారు. "ఇన్‌డిటర్మినేట్" అంటే ఇంకా తేలలేదని. "క్లినికల్ కోరిలేషన్" అంటే రోగిని చూసి పోల్చుకోమని డాక్టరుకు చెప్పడం. ఇంజెక్షన్‌లోది చక్కెర లాంటి పదార్థం. మెదడు, గుండె మామూలుగానే దాన్ని పీల్చుకుంటాయి, మూత్రాశయంలోనూ అది చేరుతుంది. క్షయ, ఇన్‌ఫెక్షన్, మానుతున్న ఆపరేషన్ గాయం, ఈమధ్య వేయించుకున్న టీకా వల్ల ఉబ్బిన గ్రంథి, ఇవన్నీ కూడా క్యాన్సర్ లాగే స్కాన్‌లో వెలుగుతాయి. ఆ పదార్థాన్ని ఒక చోటు ఎంత పీల్చుకుందో చెప్పేది ఎస్‌యూవీ అంకె; ఒక యంత్రం ఇచ్చిన ఆ అంకెను వేరే యంత్రం అంకెతో పోల్చకూడదు. క్యాన్సర్ జాడ కోసం చేసే రక్తపరీక్షలూ అంతే: క్యాన్సర్ లేకున్నా పొగతాగేవాళ్ళలో సీఈఏ అనే అంకె, నెలసరిలో సీఏ 125 అనే అంకె పెరగవచ్చు.

అందుకే స్కాన్ తేదీ తీసుకున్న రోజే, రిపోర్టు వచ్చే మర్నాటికి డాక్టరు అపాయింట్‌మెంటు తీసుకోండి. సెంటరులో ఇంట్లో ఇంకొకరి నంబరు ఇవ్వండి. వాళ్ళూ తెరవకూడదు, తెరిస్తే గొంతులోనే తెలిసిపోతుంది. తెలియకుండా ఆగలేనివాళ్ళుంటారు, అది తప్పేమీ కాదు. అలాగైతే పగటిపూట, డాక్టరు ఫోన్‌కు దొరికే వేళలో, పక్కన మనిషిని పెట్టుకుని, కాగితం మీద ముద్రించి చదవండి. ముందు "ఇంప్రెషన్" భాగం, అంటే రిపోర్టు సారాంశం, పక్కన పాత రిపోర్టు. ప్రశ్నలు రాసుకుని మూసేయండి.

"అమ్మకు చెప్పొద్దు" అని కొడుకులూ కూతుళ్ళూ ఫలితం దాచడం మన ఇళ్ళలో మామూలు. తనకు చెప్పవద్దని ఆమే కోరితే తప్ప అది అన్యాయం. ముఖాలు చూసి ఆమె ఎలాగూ పోల్చుకుంటుంది, తర్వాత ఏమైనా అడిగేందుకు ఆమెకు మనిషి ఉండరు.

కొన్నింటికి మాత్రం రిపోర్టు కోసం ఆగకూడదు: ఆయాసం, ఆగని రక్తస్రావం, మూర్ఛ, నడుంనొప్పితో పాటు కాళ్ళు బలహీనపడటం, మూత్రం పట్టు తప్పడం. ఇవి కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. నిద్ర పట్టకపోతే, భయం అదుపు తప్పితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు. ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు.

డాక్టరు గదిలోకి ఇంకొకరిని వెంటబెట్టుకుని వెళ్ళండి. చెన్నైలో తెలుగు తెలిసినవాళ్ళు ఉన్నారా అని మొదటే అడగండి, మొహమాటంతో సగం అర్థమైన తమిళానికి తలూపవద్దు. జవాబు రాసుకోండి. "ఇప్పుడే చెప్పలేం, మూడు నెలలకు మళ్ళీ స్కాన్ చేద్దాం" అనడం కూడా తరచూ వినే జవాబే. అప్పుడు కౌంటర్ దగ్గర కొత్త స్కాన్ తేదీతో పాటు, రిపోర్టు చెప్పే రోజుకు డాక్టరు అపాయింట్‌మెంటు కూడా తీసుకునే కదలండి.