గోగునారతో గట్టి పలక ఇంట్లోనే

విశాఖ కంచరపాలెంలో మాది పటాలకు ఫ్రేములు కట్టే షాపు. పటం వెనక బిగించే ఎమ్‌డీఎఫ్‌ని (చెక్క పీచుని జిగురుతో కలిపి నొక్కి చేసే పలక) రోజంతా కోసేవాళ్ళకి దాని పొడి, అందులోని యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు ఘాటు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. అందుకే చిన్న పటాలకి, పిన్ బోర్డులకి గోగునార పలక వేస్తున్నాను. ఎలా చేస్తారని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు కాబట్టి వివరంగా రాస్తున్నా.

గోగు మన ప్రాంతపు పంట. ఒకప్పుడు భీమిలి రేవు నుంచి ఎగుమతి కావడం వల్ల వ్యాపారంలో దానికి బిమ్లీ జూట్ అనే పేరే స్థిరపడింది. మనం గోంగూర పచ్చడి చేసుకునే మొక్కలవే ఈ నార కాడలు. బయటిదేశాల్లో దీన్నే కెనాఫ్ అంటారు, కార్ల తలుపుల లోపలి పలకల్లో వాడతారు. తాళ్ళు అమ్మే కొట్లలో పేనని నార అడగండి. శ్రీకాకుళం, విజయనగరం వైపు చుట్టాలుంటే పల్లెలోనే చెప్పి తెప్పించుకోవచ్చు. కాడల్ని చెరువులో ఊరబెట్టి తీసిన నార కాబట్టి కొంచెం వాసన ఉంటుంది, ఉతికితే పోతుంది.

అడుగు పొడవు, అడుగు వెడల్పు, 5 మి.మీ. మందం పలకకి 200 గ్రాముల నార పడుతుంది. ముందు వేడినీళ్ళలో గుప్పెడు చాకలి సోడా వేసి అరగంట నానబెట్టండి. నార మీద ఉండే మైనం, జిగట వదిలితేనే జిగురు పట్టుకుంటుంది. నీళ్ళు తేటగా వచ్చేదాకా జాడించి, నీడన ఆరేసి, పెద్ద పళ్ళ దువ్వెనతో చిక్కు తీసి, అడుగు ముక్కలుగా కత్తిరించండి. తూకం వేసి 40 గ్రాముల చొప్పున ఐదు కుప్పలు పెట్టుకోండి.

జిగురుకి 60 గ్రాముల మైదా, అర లీటరు నీళ్ళు. మైదాని చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, సన్నని సెగ మీద తిప్పుతూ గంజిలా మెరుపు వచ్చేదాకా ఉడికించండి. దించాక, అర చెంచా వెలిగారం (బోరాక్స్) కాసిని వేడినీళ్ళలో కరిగించి కొద్దికొద్దిగా పొయ్యండి. ఒక్కసారి పోస్తే జిగురు బిగుసుకుపోయి నారలోకి దిగదు. వెలిగారం వల్ల చెద పట్టదు, జిగురుకి అంటు పెరుగుతుంది. బైండింగువాళ్ళు మైలుతుత్తం కలుపుతారు గానీ దాంతో నారకి పచ్చరంగు పడుతుంది, నాకు నచ్చదు. ఏది కలిపినా ఆ గిన్నె మళ్ళీ వంటకి వాడొద్దు, పిల్లలకి అందనివ్వొద్దు.

నార పేర్చడంలో తొందర పనికిరాదు. మొదటి పొర నిలువుగా, రెండోది అడ్డంగా, మూడోది నిలువుగా, నాలుగోది అడ్డంగా, ఐదోది మళ్ళీ నిలువుగా. ప్లైవుడ్‌లో బేసి పొరలు వేసేది కూడా ఇందుకే. రెండు ముఖాలూ ఒకే దిక్కున లాగితే పలక వంగదు. ప్రతి పొర మీదా జిగురు పోసి అరచేత్తో నొక్కండి. తెల్లగా, పొడిగా ఉన్న పోగు ఎక్కడ కనిపించినా రేపు అక్కడే పొర లేస్తుంది.

అందరూ జిగురు గురించే అడుగుతారు. నేను మాత్రం పలక గట్టిదనం బరువు కింద ఆరడంలోనే ఉందంటాను. విడిగా ఎండలో పెడితే నార ఉబ్బి మెత్తటి దిండులా మిగులుతుంది. 19 మి.మీ. ప్లైవుడ్ ముక్కలు రెండు తీసుకుని పైదానికి ఆవిరి పోయేలా బెజ్జాలు వెయ్యండి. పలకకి కిందా పైనా ముందు ప్లాస్టిక్ దోమల జాలి, దాని మీద పాత నూలు గుడ్డ. జాలి లేకపోతే గుడ్డ అతుక్కుని ఊడిరాదు. నాలుగు పక్కలా 5 మి.మీ. పట్టీలు పెడితే మందం అంతటా ఒక్కలా వస్తుంది. మూలల్లో సీ క్లాంపులు బిగిస్తే మధ్యలో వదులుగానే ఉంటుంది కాబట్టి, మధ్యగా ఒక రీపరు అడ్డం వేసి దాని రెండు కొసలూ కూడా బిగించండి. తడి గుడ్డలు మొదటిరోజు రెండుమూడుసార్లు మార్చాలి. మార్చినప్పుడల్లా క్లాంపు ఇంకో చుట్టు తిరుగుతుంది.

ఎన్నాళ్ళు ఆరాలంటే ఏప్రిల్, మే నెలల లెక్క వేరు, అక్టోబరు ముసురు లెక్క వేరు. వంటింటి తూకం నమ్మండి. రోజూ ఒకే వేళకి పలకని విప్పి తూచి, మళ్ళీ బిగించండి. బరువు పావు కిలో దగ్గరికి వచ్చి రెండో రోజు కూడా తగ్గకపోతే ఆరినట్టే. ఇంకా తగ్గుతుంటే లోపల తడి ఉంది, తియ్యకండి. వానాకాలం ఫ్యాను గాలి తగలాల్సిందే, లేకపోతే బూజు.

ఆరాక పైన గుడ్డ పరిచి వేడి ఇస్త్రీ పెట్టెతో గట్టిగా రుద్దితే ముఖం నున్నగా అణుగుతుంది. సన్నపళ్ళ రంపంతో అంచులు కోసి లక్క పాలిష్ రెండు పూతలు, అంచులకి మూడు. నీళ్ళు ముందు పీల్చేది కోసిన అంచే. చెమ్మ విషయంలో ఇది ఎమ్‌డీఎఫ్ కంటే గట్టిదని చెప్పను. పటం వెనక, సొరుగు అడుగున, పిన్ బోర్డుగా బాగుంటుంది. బాత్రూమ్‌లో, సింకు కింద, సముద్రం వైపు తెరిచే కిటికీ పక్కన పెట్టొద్దు.

ఆర్కే బీచ్‌లో గుట్టలు పడే కొబ్బరి డొక్కలతో చెయ్యలేమా అని చాలామంది అడుగుతారు. చెయ్యొచ్చు, ఇంట్లో కాదు. డొక్కని పీచు, పొట్టుతో సహా మర పట్టి, సుమారు 180 డిగ్రీల వేడిలో ప్రెస్ కింద నొక్కితే అందులోని లిగ్నిన్, అంటే పీచుని గట్టిగా పట్టి ఉంచే సహజ పదార్థం, మెత్తబడి అదే జిగురవుతుంది. నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ పరిశోధకులు జిగురు లేకుండా ఆ పలక చేసి చూపించారు. దానికి హాట్ ప్రెస్ కావాలి. మన ఆటోనగర్‌లో ప్రెస్సున్న ఎవరైనా ముందుకొస్తే డొక్కలు ఏరి తెచ్చే పని నాది.