డిలీట్ చేసిన ఫైళ్లను వెనక్కి రప్పించడం ఎలా?

ఫైలు పోయిందని తెలియగానే చేయాల్సింది ఒకటే: ఆ డ్రైవ్‌ను వాడటం ఆపేయండి. సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత చూద్దాం.

డిలీట్ కొట్టినంత మాత్రాన విండోస్ ఆ ఫైల్లోని డేటాను చెరిపేయదు. ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫైళ్లను సర్దిపెట్టుకునే పద్ధతి) డ్రైవ్‌లో మాస్టర్ ఫైల్ టేబుల్ అనే పట్టిక ఉంటుంది. అందులో ఆ ఫైలు ఎంట్రీ ఇక వాడుకలో లేదని, అది ఉన్న చోటు ఖాళీ అని రాసుకుంటుంది, అంతే. పేరు, సైజు, డేటా ఎక్కడుందన్న వివరం చాలావరకు అలాగే మిగులుతాయి. వాటి మీద ఇంకేదైనా పడేదాకానే మనకు గడువు. పోయిన ఫైలు సి డ్రైవ్‌లోదైతే, ఏం చేయాలో వెతుకుదామని బ్రౌజర్ తెరవడం కూడా ప్రమాదమే, అది తాత్కాలికంగా దాచుకునే క్యాష్ ఫైళ్లు అక్కడే చేరుతుంటాయి.

ముందు రీసైకిల్ బిన్, క్లౌడ్ ట్రాష్ చూడండి. గూగుల్ డ్రైవ్‌లో డిలీట్ చేసినవి ట్రాష్‌లో 30 రోజులు ఉంటాయి. ఇక్కడే దొరికిపోతే అదృష్టం. షిఫ్ట్ నొక్కి డిలీట్ చేసినవి మాత్రం బిన్‌లోకి రావు.

తర్వాత అది ఏ రకం డ్రైవో చూసుకోండి. ఎస్‌ఎస్‌డీ (తిరిగే డిస్కు లేకుండా చిప్‌లలో డేటా దాచే డ్రైవ్) అయితే ఆశ తగ్గించుకోవాలి. 2009లో వచ్చిన విండోస్ 7 నుంచి ట్రిమ్ అనే ఏర్పాటు ఉంది. ఖాళీ అయిన బ్లాకులేవో విండోస్ చెప్పేస్తుంది, ఎస్‌ఎస్‌డీ వాటిని తనంతట తానే తుడిచేసుకుంటుంది. పాత హార్డ్ డిస్కు, పెన్‌డ్రైవ్, మెమరీ కార్డుల్లో అవకాశాలు మెరుగు. హార్డ్ డిస్కు టిక్కు టిక్కుమంటుంటే మాత్రం సాఫ్ట్‌వేర్ జోలికే వెళ్లకండి. పవర్ తీసేసి డేటా రికవరీ ల్యాబ్‌కు ఇవ్వండి. స్కాన్ చేసేకొద్దీ అది ఇంకా పాడవుతుంది.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్. రెకువా, ఫోటోరెక్, మైక్రోసాఫ్ట్ వారి విండోస్ ఫైల్ రికవరీ ఉచితంగానే దొరుకుతాయి. ఫైలు పోయిన డ్రైవ్‌లో ఇన్‌స్టాల్ చేయొద్దు. పోయింది సి డ్రైవ్‌లోనైతే డిస్కు తీసి ఇంకో కంప్యూటర్‌కు తగిలించడం మేలు.

మొదట మామూలు స్కాన్ పెట్టండి. అది పైన చెప్పిన పట్టికనే చదువుతుంది కాబట్టి ఫైళ్లు పేర్లతో సహా దొరుకుతాయి. ఫలితం లేకపోతేనే డీప్ స్కాన్. ఇది పట్టికను పక్కనపెట్టి డిస్కు మొత్తం గాలిస్తుంది. జేపెగ్ ఫోటో ఏదైనా ఎఫ్‌ఎఫ్, డీ8, ఎఫ్‌ఎఫ్ అనే మూడు బైట్లతో మొదలవుతుంది. పీడీఎఫ్‌కూ, జిప్‌కూ ఇలాంటి గుర్తులే ఉన్నాయి. గుర్తు కనబడిన చోట ఫైలు మొదలైందని లెక్కేసి, అక్కడి నుంచి వరుసగా చదువుకుంటూ పోతుంది. అందుకే పేర్లు, ఫోల్డర్లు రావు, ఫోటోరెక్ అయితే అన్నిటికీ అంకెల పేర్లే పెడుతుంది. ఫైలు డిస్కు మీద ముక్కలు ముక్కలుగా ఉండి ఉంటే మొదటి ముక్క దొరికి మిగతాది గల్లంతయ్యే అవకాశం ఎక్కువ. పెద్ద వీడియోలు తరచూ ఆడకపోవడానికి కారణం ఇదే.

దొరికినవాటిని వేరే డ్రైవ్‌లోకే సేవ్ చేయండి. అదే డ్రైవ్‌లో పెడితే, తీసిన ఫైలు వెళ్లి ఇంకా తీయాల్సిన ఫైలు మీద పడొచ్చు.

చివరగా ఒక్కో ఫైలూ తెరిచి చూడండి. ఫోటోల విషయంలో థంబ్‌నెయిల్ చూసి మోసపోవద్దు. కెమెరాలు ఆ చిన్న బొమ్మను ఫైలు మొదట్లోనే విడిగా దాస్తాయి. అందుకే థంబ్‌నెయిల్ చక్కగా కనిపిస్తుంది, తెరిస్తే కింది సగం బూడిదరంగులో ఉంటుంది.