గేర్లు తిప్పడానికి ఫ్రీక్యాడ్, బ్లెండర్ చాలు

పాలిటెక్నిక్ పిల్లలకి రెండు గేర్లు తిరగడం చూపించే చిన్న వీడియో కావాల్సొచ్చింది. కొలతల ప్రకారం గీయడానికి ఫ్రీక్యాడ్, కదలికకి బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్లు తీసుకున్నాను. రెండూ ఉచితమే.

ఫ్రీక్యాడ్‌లో గీసిన గేర్లని విడివిడిగా ఎస్‌టీఎల్ అనే 3డీ ఫైలు రకంలో సేవ్ చేసి బ్లెండర్‌లో తెరిస్తే కొండంత కనిపించాయి. ఎస్‌టీఎల్‌లో యూనిట్లు ఉండవు, మిల్లీమీటరుని బ్లెండర్ మీటరనుకుంటుంది. ఇంపోర్ట్‌లో స్కేల్ 0.001 పెడితే అసలు కొలత వచ్చింది.

బ్లెండర్‌లో వస్తువు తిరిగేది దాని ఆరిజిన్ (మూల బిందువు) చుట్టూ, కాబట్టి అది ఇరుసు మధ్యలోనే ఉండాలి. 20 పళ్ల గేరుకి 360 డిగ్రీలు, 40 పళ్లదానికి ఎదురు దిశలో 180 ఇచ్చాను. అయినా చుట్టు చుట్టుకీ వేగం తగ్గుతోంది! కీఫ్రేములని (కదలిక మొదలు, చివరలని గుర్తించే ఫ్రేములు) లీనియర్‌కి, అంటే ఒకే వేగానికి, మార్చగానే నున్నగా తిరిగాయి. ఎంత ముచ్చటేసిందో.

చివరికి బొమ్మలు తయారుచేయడానికి (రెండర్) బ్లెండర్‌లోని నెమ్మదైన సైకిల్స్ పద్ధతి ఇలాంటి వాటికి అక్కర్లేదు, వేగమైన ఈవీ చాలు. నేరుగా వీడియో కాకుండా పీఎన్‌జీ ఫ్రేములుగా (విడి బొమ్మలుగా) తీయండి, మధ్యలో కరెంటు పోయినా అప్పటిదాకా తీసినవి మిగులుతాయి.