వానలు దిగకముందే: ఐబీడీ ఉన్న పిల్లల ఇళ్లలో పెట్టుకోవాల్సిన జాగ్రత్తలు

మృగశిర కార్తె వచ్చిందంటే హైదరాబాద్‌లో వానలూ కాలేజీలూ ఒకేసారి మొదలవుతాయి. ఐబీడీ అంటే పేగులు వాచి, తగ్గుతూ తిరగబెడుతూ ఏళ్ల తరబడి ఉండే జబ్బు. అందులో రకాలైన క్రోన్స్ గానీ అల్సరేటివ్ కొలైటిస్ గానీ ఉన్న పిల్లలకు జూన్ నుంచి అక్టోబరు దాకా గడ్డుకాలమే. నీళ్లు మారతాయి, తిండి మారుతుంది, నిద్ర చాలదు, మాత్ర వేసుకునే వేళ తప్పుతుంది. వీటన్నిటికన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. ఆగస్టులో ఏదో ఒక రాత్రి మోషన్స్ పట్టుకుంటే అది జబ్బు తిరగబెట్టడమా, బయటి తిండితో వచ్చిన ఇన్ఫెక్షనా అన్నది పైకి చూసి తేల్చడం డాక్టర్‌కే కష్టం. రెండింట్లోనూ కడుపునొప్పి, జిగట, రక్తం ఉండొచ్చు. ఒకదానికి పనికొచ్చే మందు రెండోదాన్ని ముదరబెడుతుంది. ఈ జాగ్రత్తల్లో సగానికి పైగా ఆ రాత్రి ఊహించి మందు వేయాల్సిన గతి పట్టకుండా చూసుకోవడానికే.

డబ్బాలో మిగిలిపోయిన స్టెరాయిడ్ మాత్రలు

"పోయినసారి ఇవే వేస్తే నాలుగు రోజుల్లో తగ్గింది కదా" అని ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మళ్లీ మొదలుపెట్టడం చాలా ఇళ్లలో జరిగేదే. వానాకాలంలో దీని అంత ప్రమాదకరమైన పని మరొకటి లేదు. రక్తంతో మోషన్స్ అయ్యేది అమీబా వల్ల అయితే స్టెరాయిడ్ పడగానే అది పేగు గోడను మరింత తొలుస్తుంది, పేగుకు చిల్లు పడేదాకా పోవచ్చు. మిగిలిన స్ట్రిప్పులు అందుబాటులో ఉంచకండి. ఇప్పటికే డాక్టర్ చెప్పి వాడుతున్న స్టెరాయిడ్ సంగతి దీనికి పూర్తిగా ఎదురు. మూడు వారాలు దాటి వాడుతుంటే దాన్ని ఉన్నట్టుండి ఆపకూడదు, జ్వరమొచ్చినా సరే. శరీరం సొంతంగా తయారుచేసుకునే స్టెరాయిడ్ అప్పటికి తగ్గిపోయి ఉంటుంది కాబట్టి బీపీ పడిపోతుంది.

మోషన్స్ మొదలైతే ముందుగా చేయాల్సింది స్టూల్ టెస్ట్. అడగాల్సినవి మూడు: మైక్రోస్కోప్ కింద అమీబా, జియార్డియా అనే పరాన్నజీవులు ఉన్నాయేమో చూడడం, కల్చర్ (క్రిములను ల్యాబ్‌లో పెంచి చూడడం), క్లాస్ట్రిడియం డిఫిసిల్ అనే బాక్టీరియా వదిలే విషం (టాక్సిన్) ఉందేమో చూడడం. చివరిది చాలామంది అడగరు. ఐబీడీ ఉన్నవాళ్లకు ఈ క్రిమి బెడద మామూలు జనంకన్నా ఎక్కువ, ఈమధ్య యాంటీబయాటిక్ వాడితే ఇంకా ఎక్కువ.

శాంపిల్ ఇవ్వడంలోనే సగం తప్పులు జరుగుతాయి. ల్యాబ్ ఇచ్చే వెడల్పు మూతి డబ్బాలోకే తీయాలి. మూత్రం గానీ ఫ్లష్ నీళ్లు గానీ కలవకూడదు. గట్టిగా ఉన్న భాగం కాదు, జిగట, రక్తం ఉన్నచోటే తీయాలి. బతికున్న అమీబా కదలిక అరగంట, గంటలోపే కనిపిస్తుంది. పొద్దున ఆరింటికి తీసి పదింటికి పంపితే "ఏమీ లేదు" అనే రిపోర్టు వస్తుంది. వీలైతే ల్యాబ్ బాత్రూమ్‌లోనే ఇవ్వడం మేలు. శాంపిల్ ఇచ్చేదాకా యాంటీబయాటిక్ ముట్టకూడదు. మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చే ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడాజోల్ కలిపిన మాత్ర ఒకటి వేసినా కల్చర్ ఎందుకూ పనికిరాకుండా పోతుంది.

మలంలో కొలిచే కాల్‌ప్రొటెక్టిన్ అనే ప్రొటీన్ గురించి ఒక మాట. పేగులో వాపుంటే ఇది పెరుగుతుంది, కానీ ఇన్ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది, నొప్పి మాత్రలు వాడినా పెరుగుతుంది. అందుకని మోషన్స్ అవుతున్నప్పుడు ఈ ఒక్క అంకెతో నిర్ణయం జరగదు. పిల్లాడు బాగున్నప్పుడే, జూన్‌లో ఒకసారి చేయించి పెట్టుకుంటే తర్వాత పోల్చుకోవడానికి ఆధారం ఉంటుంది. గ్రాముకు 150 మైక్రోగ్రాముల లోపుంటే సాధారణంగా జబ్బు అణిగి ఉన్నట్టు, 250 దాటితే లోపల వాపు ఉందేమో చూడాల్సినట్టు.

మోషన్స్ ఆపే లోపెరమైడ్ రక్తం పడుతున్నప్పుడు, జ్వరం ఉన్నప్పుడు వేయకూడదు. పెద్దపేగు కదలిక ఆగి ఉబ్బిపోయే ప్రమాదం ఉంది.

సంపు, క్యాన్, ఫిల్టరు

2009 మేలో భోలక్‌పూర్‌లో కలుషిత నీళ్లు తాగి జనం చనిపోయారు. మంచినీటి పైపూ డ్రైనేజీ పైపూ పక్కపక్కనే పోయే పాత గల్లీల్లో ఆ ముప్పు ఇప్పటికీ పోలేదు. నల్లా వదలగానే మొదట వచ్చే నీళ్లు ఓ బకెట్ పారబోసి, రంగు, వాసన చూసి తర్వాత పట్టండి. తేడా ఉంటే వాటర్ బోర్డు నంబరు 155313కి ఫోన్ చేయండి.

అపార్ట్‌మెంట్లలో అసలు గండం సంపులో ఉంటుంది. సంపు మూత నేలమట్టంగా ఉంటే ఒక్క గట్టి వానకు రోడ్డు మీది మురుగు లోపలికి దిగుతుంది. జూన్ మొదట్లోనే సంపు కడిగించి, మూత చుట్టూ జానెడు ఎత్తు గట్టు కట్టించమని అసోసియేషన్ మీటింగులో పట్టుబట్టాలి. క్లోరిన్ లెక్క ఇది: వెయ్యి లీటర్లకు సుమారు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్, అంటే 5,000 లీటర్ల సంపుకు 12 నుంచి 13 గ్రాములు. పొడిని నేరుగా చల్లొద్దు. బకెట్ నీళ్లలో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైతేట మాత్రమే సంపులో పోసి గంట ఆగాలి. ఎప్పుడో విప్పి పెట్టిన పౌడర్ ప్యాకెట్‌లో క్లోరిన్ ఎగిరిపోయి ఉంటుంది, దానితో పని జరగదు.

ఇంత చేసినా జబ్బున్న పిల్లలకు కాచిన నీళ్లే. తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం కాగనిచ్చి, అదే గిన్నెలో మూతపెట్టి చల్లార్చి, కాడ గరిటెతో తీయాలి. గ్లాసు ముంచితే కాచిన శ్రమంతా వృథా. ఆర్వో ఫిల్టరుందని నిశ్చింతగా ఉంటారు గానీ, అది క్లోరిన్‌ను కూడా తీసేస్తుంది. దాని ట్యాంకులో రెండు రోజులు నిలవున్న నీళ్లకు రక్షణ ఏమీ ఉండదు. హాస్టళ్లకు వచ్చే 20 లీటర్ల క్యాన్ల సంగతీ అంతే. సీలు చూడాలి, తెరిచిన క్యాన్‌ను రెండు రోజుల్లో ముగించాలి.

జ్వరం వస్తే, మందుల విషయంలో

జ్వరానికీ ఒళ్లు నొప్పులకూ పారాసిటమాల్ ఒక్కటే. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, యాసిక్లోఫెనాక్ ఉన్నవి ఏవీ వద్దు. ఇవి పేగుకు చేటు, డెంగీ అయితే రక్తస్రావానికి కూడా దారితీస్తాయి. కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాముల లెక్కన 40 కిలోల పిల్లకు 500 మిల్లీగ్రాముల మాత్ర, ఆరుగంటల ఎడంతో, రోజుకు నాలుగు దాటకుండా.

రోగనిరోధక శక్తిని తగ్గించే అజాథయోప్రిన్ మాత్ర వాడుతున్నవాళ్లకు జ్వరం వస్తే అదే రోజు రక్తపరీక్ష చేయించాలి. ఈ మందు తెల్ల రక్తకణాలను తగ్గించవచ్చు, డెంగీ కూడా తగ్గిస్తుంది, రెండూ కలిస్తే కౌంట్ ఎక్కడిదాకా పోతుందో చెప్పలేం. నల్లకుంట కోరంటి ఆసుపత్రికి వెళ్లినా వీధి చివరి క్లినిక్‌కు వెళ్లినా ఈ మందు పేరు మొదటి వాక్యంలోనే చెప్పాలి. కొత్తగా మొదలుపెట్టిన నెలలో జుట్టు కుచ్చులుగా ఊడితే అందాన్ని గురించి దిగులుపడే సమయం కాదది. మన ఆసియావాళ్లలో కొందరికి జన్యుపరంగా ఈ మందు పడదు, దానికి ఇది తొలి గుర్తు కావచ్చు. వెంటనే కౌంట్ చూపించాలి.

రోగనిరోధక శక్తిని అణిచే ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ లాంటి ఇంజెక్షన్లు మొదలుపెట్టే ముందు టీబీ పరీక్షలు తప్పనిసరి. మొదలయ్యాక కూడా రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే తేలిగ్గా తీసుకోవద్దు. జ్వరం ఉన్న రోజు డోసు వేసే ముందు డాక్టర్‌కు ఫోన్ చేయాలి. అడాలిముమాబ్ పెన్నులు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రిజ్ డోర్‌లో కాదు, ఫ్రీజర్‌కు ఆనించి కాదు, మధ్య అరలో పెట్టాలి. గడ్డకట్టిన పెన్ను కరిగాక కూడా పనికిరాదు. గాలివానకు కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తెరవకండి. వేరేచోటికి మార్చాల్సి వస్తే ఐస్ ప్యాక్‌కూ పెన్నుకూ మధ్య టవల్ మడిచి పెట్టండి.

కడుపు బాగుంది కదా అని, పేగు వాపును అణిచి ఉంచే మెసలమైన్ మాత్ర మానేసేది ఎక్కువగా కాలేజీ పిల్లలే. బాగున్నది ఆ మాత్ర వల్లే. నమిలి, పొడిచేసి వేసుకుంటే మందు పైనే కరిగిపోయి పెద్దపేగు దాకా చేరదు.

టీకాలు వానలకు ముందే వేయించాలి. ఫ్లూ ఇంజెక్షన్, మన జినోమ్ వ్యాలీలోనే తయారయ్యే టైఫాయిడ్ కాంజుగేట్ టీకా లాంటి నిర్జీవ టీకాలు వేయించుకోవచ్చు. ఆటలమ్మ, ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) లాంటి బతికున్న టీకాలు రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడుతుండగా వద్దు. ఆటలమ్మ ఉన్నవాళ్ల పక్కన కూర్చున్నారని తెలిస్తే పొక్కుల కోసం ఎదురుచూడకుండా ఆ రోజే డాక్టర్‌కు చెప్పాలి.

చేప మందు సీజన్ కూడా ఇదే. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో వేసేది ఉబ్బసానికి. అయినా "దేనికైనా మంచిదే" అని పెద్దమ్మో అత్తమ్మో తీసుకెళ్తానంటారు. ఇమ్యూనిటీ తగ్గించే మందుల మీదున్న పిల్లతో బతికున్న చేప మింగించొద్దు. కడుపు శుభ్రానికని ఆముదం, సునాముఖి పట్టించడం కూడా అంతే. వాచిన పేగుకు విరేచనం మందు ఇంకో దెబ్బ.

తిండి

డాక్టర్ చెప్పకుండా మనంతట మనం పెట్టే పత్యంతో ఐబీడీ తగ్గదు. పప్పు మాని, కూర మాని, ఏడాదంతా చారన్నం పెడితే జబ్బుకన్నా ముందు ఎదుగుదల ఆగుతుంది. వానాకాలానికి సూత్రం ఒకటే, పొగలు కక్కేది తినొచ్చు, పచ్చిది వద్దు. మూకుడులోంచి అప్పుడే తీసిన మిర్చి బజ్జీ కన్నా దాని పక్కన ఇచ్చే పచ్చి ఉల్లిపాయ, నీళ్ల చట్నీ ప్రమాదం. గప్‌చుప్ నీళ్లు, కోసి పెట్టిన పండ్లు, చెరుకు రసం, బయటి ఐసు ఈ వానాకాలమంతా మానుకోవాలి. బోనాల విందులో వేడి వేడి అన్నం, ఉడికిన మాంసం తినొచ్చు, మధ్యాహ్నం వండి సాయంత్రం దాకా బయటే పెట్టింది వద్దు.

క్రోన్స్‌లో పేగు సన్నబడిందని రిపోర్టులో ఉంటే మక్క కంకులు వద్దు. వాన పడగానే రోడ్డు పక్కన కాల్చే ఆ గింజల తోలు అరగదు, సన్నటి చోట పోగై పేగుకు అడ్డుపడుతుంది. పనస, పీచు కూరలు, కొబ్బరి ముక్కలు కూడా అంతే. సన్నబడడం లేనివాళ్లకు ఇంత పట్టింపు అవసరం లేదు.

ఓఆర్‌ఎస్ కొనేటప్పుడు డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉన్న పొడి ప్యాకెట్టే తీసుకోండి. ఓఆర్‌ఎస్ పేరుతో తీపి పానీయాలు అమ్మడంపై హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. చక్కెర ఎక్కువైతే పేగులోకి నీరు ఇంకా దిగి మోషన్స్ పెరుగుతాయి. లీటరు ప్యాకెట్‌ను ఒకేసారి లీటరు నీళ్లలో కలిపి, 24 గంటల్లో వాడేయాలి. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ తలగొట్టి కొలవాలి.

కాలేజీ, హాస్టల్, ఇల్లు

చేర్చే రోజే ప్రిన్సిపల్‌కూ వార్డెన్‌కూ డాక్టర్ రాసిన ఉత్తరం ఇవ్వాలి. జబ్బు వివరమంతా అక్కర్లేదు. "క్లాసులోంచి, పరీక్షలోంచి అడగకుండా బాత్రూమ్‌కు వెళ్లనివ్వాలి, ఇది అంటువ్యాధి కాదు" అన్న రెండు ముక్కలు చాలు. స్టడీ అవర్ మధ్యలో నలుగురి ముందు "సార్, బాత్రూమ్" అని అడగలేక అన్నం మానేసే పిల్లలున్నారు. బరువు తగ్గడానికి అదీ ఒక కారణం. అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో గది చూసేటప్పుడు ఒక బాత్రూమ్‌కు ఎంతమందో లెక్కపెట్టండి.

బ్యాగులో ఒక జత లోదుస్తులు, వెట్ వైప్స్, జిప్ కవర్, మూడు రోజుల మాత్రలు, రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, ప్రిస్క్రిప్షన్ ఫొటో ఉండాలి. రోడ్లు మునిగి బస్సు గంటలు గంటలు కదలదు, అలాంటి రోజున బాత్రూమ్ దొరికే మెట్రో స్టేషన్ దారి ఎంచుకోవడం నయం. మురుగు నీళ్లలో నడవాల్సి వస్తే కాళ్లపై గాయాలు కప్పుకోవాలి. ఇంట్లో రెండు వారాల మందులు అదనంగా ఉంచుకోండి.

అమ్మానాన్నలకు: "ఎన్నిసార్లు వెళ్లావ్?" అని పూటపూటా అడిగితే పిల్లలు అబద్ధం చెప్పడం నేర్చుకుంటారు. ఫోన్‌లో రోజుకొక లైను వాళ్లనే రాసుకోమనండి, ఎన్నిసార్లు, రక్తం ఉందా, రాత్రి లేచారా అని. వారానికోసారి కలిసి చూడండి.

ఇక ఆగకూడని గుర్తులు

రోజుకు ఆరు లేదా అంతకు మించి రక్తపు మోషన్స్, వాటితోపాటు 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన జ్వరమో, పడుకుని ఉన్నా నిమిషానికి 90 దాటిన నాడి వేగమో ఉంటే ఆ రాత్రే ఆసుపత్రిలో చేర్చాలి (చిన్నపిల్లల నాడి మామూలుగానే వేగం, వాళ్ల విషయంలో అంకె కన్నా నీరసం చూడాలి). కడుపు ఉబ్బి గాలి కూడా పోకపోవడం, ఆగని వాంతులు, ఒక కాలే వాచి నొప్పి పెట్టడం కూడా అత్యవసరాలే. చివరిది రక్తం గడ్డకట్టడం కావచ్చు, ఐబీడీ ఉధృతంగా ఉన్నప్పుడు ఆ ముప్పు పెరుగుతుంది. నిమ్స్, ఉస్మానియా, గాంధీ, చిన్నపిల్లలకు నిలోఫర్, లేదా మామూలుగా చూపించే ఆసుపత్రి, ఏదైనా సరే, రాత్రిపూట గ్యాస్ట్రో డ్యూటీలో ఎవరుంటారో, ఏ గేటు తెరిచి ఉంటుందో జూన్‌లోనే కనుక్కుని నంబరు ఇంట్లో అందరి ఫోన్లలో ఎక్కించండి. వెళ్లేటప్పుడు పాత కొలనోస్కోపీ రిపోర్టు, చివరి స్టూల్ రిపోర్టు, వాడుతున్న మందుల ఖాళీ స్ట్రిప్పులు ఒకే కవర్లో పెట్టుకుని వెళ్లండి.