వానలో రేజర్ క్లామ్‌ల తవ్వకం: వీపు సముద్రం వైపు తిప్పకండి

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రపు పసిఫిక్ తీరంలో రేజర్ క్లామ్‌లు (ఇసుకలో దాగి ఉండే, తినే గుల్ల జీవులు) తవ్వుకునే రోజులు ఎక్కువగా అక్టోబరు, మే నెలల మధ్య వస్తాయి. అంటే వానలో, చలిలో, శీతాకాలమైతే చీకట్లో. మడిచిన మంగలికత్తిలా ఉండే ఈ గుల్ల మన మీదికేమీ రాదు. దాన్ని పట్టాలన్న ఆరాటంలో పక్కనే సముద్రం ఉందని మరచిపోతాం, తవ్వేటప్పుడు పెద్ద ప్రమాదం అక్కడే.

బయలుదేరే ముందు అనుమతి చూసుకోండి, ఆకాశాన్ని తర్వాత చూడవచ్చు. ఏ తీరంలో ఏ రోజు తవ్వవచ్చో రాష్ట్ర మత్స్య, వన్యప్రాణి శాఖ విడివిడిగా ప్రకటిస్తుంది. లాంగ్ బీచ్ తెరిచారు కదా అని ట్విన్ హార్బర్స్‌కు వెళ్లి పార దించకూడదు. ఇంత పట్టింపుకు ఒక ముఖ్య కారణం డొమోయిక్ ఆమ్లం. సముద్రంలో పెరిగే ఒక సూక్ష్మ శైవలం తయారుచేసే విషమిది. క్లామ్ మాంసంలో నెలల తరబడి నిలిచిపోతుంది. 20 పీపీఎం (పది లక్షల భాగాల్లో 20) స్థాయికి చేరితే తవ్వకం ఆపేస్తారు. ఉడికించినా, ఫ్రీజర్‌లో పెట్టినా ఈ విషం పోదు. రుచికీ వాసనకూ అందదు. తీవ్రమైతే జ్ఞాపకశక్తి పోతుంది, ప్రాణమే పోవచ్చు. ‘నిరుడు తిన్నాం, ఏం కాలేదు’ అనే ధైర్యం ఇక్కడ పనికిరాదు.

15 ఏళ్లు నిండినవారికి లైసెన్సు ఉండాలి. మనిషికి రోజుకు 15 క్లామ్‌లు, ఎవరి సంచి వారిదే. చిన్నదనో, పెంకు పగిలిందనో పారేయకూడదు, మొదట చేతికొచ్చిన 15 లెక్కలోకి వస్తాయి.

నీరు బాగా వెనక్కి తీసే వేళకు గంట, రెండు గంటల ముందే తీరం చేరండి. ఆటు ముగిసి నీరు తిరిగే సమయానికి ఫోనులో అలారం పెట్టుకోండి. తవ్వేటప్పుడు కాలం తెలియదు.

ఇక వాన. క్లామ్ ఉన్నచోట ఇసుక మీద చిన్న గుంటో రంధ్రమో కనిపిస్తుంది. జోరు వానలో చినుకులు ఇసుకంతా గుంటలు చేస్తాయి, అసలుది ఏదో పోల్చుకోవడం కష్టం. అప్పుడు మనిషి ఏం చేస్తాడు? ఇంకో నాలుగడుగులు నీటి వైపు వేస్తాడు. మళ్లీ నాలుగు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు చేసింది ఇదే. చన్నీళ్లు బూట్లలోకి దిగేదాకా తల ఎత్తలేదు.

అప్పటిదాకా వచ్చిన అలల్ని చూసి తర్వాతి అలను అంచనా వేయలేం. హఠాత్తుగా ఒకటి చాలా దూరం పైకి వచ్చేస్తుంది. అందుకే అందరూ ఒకేసారి వంగి తవ్వవద్దు. ఒకరు నిలబడి సముద్రాన్నే చూస్తూ ఉండాలి, పిల్లలు వెంట ఉంటే ఈ నియమానికి సడలింపే లేదు. కొట్టుకొచ్చిన దుంగల దగ్గర నిలబడకండి, వాటిపై కూర్చోకండి. మోకాలి లోతు కూడా లేని నీరు టన్నుల బరువున్న దుంగను దొర్లించగలదు. ఛాతీ దాకా వచ్చే రబ్బరు దుస్తులు వేసుకుంటే నడుముకు బెల్టు బిగించండి, పడిపోతే లోపలికి నీరు వేగంగా చేరకుండా ఉంటుంది. అలలు మరీ పెద్దవైతే క్లామ్‌లు కూడా సరిగ్గా జాడ చూపవు, వెనక్కి వచ్చేయడమే మేలు.

పారతో తవ్వేవారు దాన్ని గుంటకు సముద్రం వైపు నాలుగైదు అంగుళాల దూరంలో, పిడి ఒడ్డు వైపు ఉండేలా దించాలి. ఒడ్డు వైపు నిలబడితే ముఖం సముద్రానికే ఉంటుంది, అదో మంచి. పారకు బదులు, ఇసుకలోకి దించి క్లామ్‌తో సహా పైకి లాగే గొట్టం వాడేవారు ఇసుకను నడుముతో కాకుండా కాళ్ల బలంతో లేపాలి. గుంటలో చేయి పెట్టేముందు చేతి తొడుగులు మరవకండి, పగిలిన పెంకు అంచు నిజంగానే కత్తి.

నూలు బట్టలు తడిస్తే ఒంటి వేడిని లాగేస్తాయి. ఉన్ని గానీ, త్వరగా ఆరే బట్టలు గానీ వేసుకుని, పైన రెయిన్‌కోటు తొడగండి. పొడి బట్టల జత కారులో ఉండాలి. చీకటి పడేలా ఉంటే లాంతరు, తలకు కట్టుకునే దీపం రెండూ తీసుకెళ్లండి. ఆగని వణుకు, మాట తడబాటు కనిపిస్తే సంచిలో మూడే క్లామ్‌లున్నా సరే, ఆ మనిషిని వెంటనే వెచ్చటి చోటికి చేర్చండి.

దొరికినవాటిని మంచినీళ్లలో నానబెట్టకుండా చల్లగా ఉంచి ఇంటికి తేవాలి. మరిగే నీళ్లలో కొన్ని సెకన్లు ముంచితే పెంకు విచ్చుకుంటుంది. వెంటనే చన్నీళ్లలో వేసి, మొప్పలు, నల్లటి జీర్ణనాళం తీసేయండి. ఎంత అలసిపోయినా ఈ పని ఆ రాత్రే ముగించుకోండి.