బైకూ కారూ తగిలినప్పుడు తప్పు ఎవరిదో తేల్చడం ఎలా

బెంగళూరులో బైకూ కారూ తగిలాక రెండు నిమిషాల్లో గుంపు పోగవుతుంది, మూడో నిమిషంలో తీర్పు వచ్చేస్తుంది. "పెద్ద బండిదే తప్పు" అనేవాళ్లు కొందరు, "వెనక నుంచి గుద్దినోడిదే తప్పు" అనేవాళ్లు కొందరు. మొదటి మాట చట్టంలో ఎక్కడా లేదు. రెండోది చాలాసార్లు నిజమే, అన్నిసార్లూ కాదు. పోలీసులైనా, నష్టం లెక్కగట్టే ఇన్సూరెన్స్ సర్వేయరైనా, పరిహారం తేల్చే ట్రిబ్యునలైనా చివరికి అడిగేది ఇది: ఎవరి దారిలోకి ఎవరు వచ్చారు? వచ్చాక అవతలివాడికి తప్పించుకునేంత టైమూ, జాగా ఉన్నాయా? తప్పంతా ఒకరి నెత్తినే పడాలనీ లేదు. 70–30 అనో, 50–50 అనో పంచుతారు, పరిహారంలో ఆ మేరకు కోత పడుతుంది.

బండ్లు పక్కకు తీయకముందే

ముందు దెబ్బలు తగిలినవాళ్ల సంగతి. 112కో 108కో ఫోన్ చేయండి. ఆ తర్వాత ఎవరో ఒకరు కెమెరా తెరవాలి. చాలామంది సొట్టకు పది ఫొటోలు తీసి రోడ్డుకు ఒక్కటీ తీయరు. సొట్ట గ్యారేజీకి వెళ్లాక కూడా ఉంటుంది, రోడ్డు మీది గుర్తులు అరగంటలో ట్రాఫిక్ తొక్కేస్తుంది. ఇరవై ముప్ఫై అడుగులు వెనక్కి నడిచి, నాలుగు వైపుల నుంచీ, రెండు బండ్లూ ఒకే ఫొటోలో పడేలా తీయండి. కదలని గుర్తు ఒకటి అందులో ఉండాలి: షాపు బోర్డు, మీడియన్ (డివైడర్) గ్యాప్, హోసూరు రోడ్డు ఎలివేటెడ్ ఫ్లైఓవర్ కిందైతే పిల్లరు.

తర్వాత నేల చూడండి. పగిలిన గాజు ముందుకు ఎగిరిపడుతుంది కాబట్టి గాజున్న చోటే గుద్దుకున్నారని అనుకోకూడదు. మడ్‌గార్డు కింద గట్టిపడిన మట్టి పెళ్లలుగా రాలిన చోటు, బైకు ఫుట్‌రెస్టు తారును చెక్కడం మొదలుపెట్టిన చోటు అసలు జాగాకు దగ్గర. బైకు ఆగి పడున్న చోటు దేనికీ లెక్క కాదు, అది జారుకుంటూ ఎంతదూరమైనా పోతుంది. కారు ముందు చక్రాలు ఏ వైపు తిరిగున్నాయో కూడా ఒక ఫొటో తీయండి. "నేను నేరుగానే పోతున్నా" అన్న మాటకు ఆ చక్రాలే జవాబు చెబుతాయి.

సీసీటీవీ సంగతి రేపు చూద్దాం అనుకోవద్దు. షాపుల్లోని డీవీఆర్‌లో (కెమెరా వీడియో దాచే పెట్టెలో) నిల్వ నిండగానే పాతదాని మీద కొత్తది రికార్డవుతుంది, కొన్నిచోట్ల వారమైనా మిగలదు. గడియారం కూడా తరచూ తప్పు చూపిస్తుంది. అందుకని తెరను వీడియో తీసేటప్పుడు సరైన టైము చూపించే ఇంకో ఫోన్‌ని పక్కన పెట్టండి. అసలు ఫుటేజీని పోలీసుల ద్వారా తీయించాలి. కోర్టులో దానికి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి. డ్యాష్‌క్యామ్ (బండి ముందు పెట్టే కెమెరా) ఉంటే ముందు దాని మెమరీ కార్డు బయటికి తీసి జేబులో వేసుకోండి.

సొట్టలు ఏం చెబుతాయి

పక్కపక్కన పోతూ తగిలినప్పుడు కారు సైడ్ మిర్రర్ చూడండి. మిర్రర్ ముందుకు మడిచి ఉంటే వెనక నుంచి ఎక్కువ వేగంతో వచ్చిన బైకు హ్యాండిల్ దాన్ని తోసింది. వెనక్కి మడిచి ఉంటే కారే బైకును దాటుతూ తగిలింది. డోరు మీది గీతలు కూడా ఇంతే. కారు వేగం ఎక్కువైతే గీత ముందు నుంచి వెనక్కి సాగుతుంది, బైకు వేగం ఎక్కువైతే వెనక నుంచి ముందుకు. లేచిన పెయింటు పొట్టు గీత చివర పోగవుతుంది. గీత ఎటు నడిచిందో వేలితో తడిమినా తెలుస్తుంది. బైకు ఫోర్కు వెనక్కి వంగి, ముందు చక్రం ఇంజన్‌కు ఆనుకుని ఉంటే బైకు ముక్కు దేన్నో నేరుగా గుద్దింది.

వేగం గురించి వాదన వస్తే లెక్క తేలికే. 50 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 14 మీటర్లు పోతుంది. చూసి, బ్రేకు మీద కాలో చెయ్యో పడేసరికి సెకను నుంచి సెకనున్నర. అంటే మొదటి 14–21 మీటర్లలో రోడ్డు మీద ఏ గుర్తూ ఉండదు. ఆ తర్వాత టైరు గీత పడితే దాని పొడవును మీటర్లలో కొలిచి 254తోనూ, రోడ్డు పట్టుతోనూ గుణించి వర్గమూలం తీయండి. పొడి తారు మీద అన్ని చక్రాలూ లాకైతే పట్టు 0.7 అనుకోవచ్చు. 10 మీటర్ల గీతకు దాదాపు 42 కిలోమీటర్లు వస్తుంది. బైకుకు వెనక చక్రం ఒక్కటే లాకైతే పట్టు సగమే, వేగం 30 దగ్గర తేలుతుంది. ఇది కనీస వేగం, గుద్దినప్పుడు ఇంకా మిగిలిన వేగం ఇందులో లేదు. ఏబీఎస్ (బ్రేకు వేసినా చక్రం లాకవకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండికి గీత సరిగా పడదు, కాబట్టి గీత లేనంత మాత్రాన బ్రేకే వేయలేదని చెప్పలేం.

ఎక్కువగా జరిగేవి

ఔటర్ రింగ్ రోడ్డులో మెయిన్ రోడ్డు నుంచి సర్వీస్ రోడ్డులోకి కారు ఎడమకు తిరుగుతుంది, ఎడమ పక్కన బైకు నేరుగా పోతుంటుంది. లేన్ మారేవాడే చూసుకోవాలి కాబట్టి ఎక్కువ తప్పు కారుదే. అయితే దెబ్బ ఎక్కడుందన్నది లెక్కను మారుస్తుంది. ఎడమ ముందు ఫెండరో, ముందు డోరో అయితే కారు బైకు ముందుకు దూరింది. వెనక డోరుకూ వెనక బంపర్‌కూ మధ్యన ఉంటే కారు అప్పటికే చాలావరకు తిరిగింది. ఇండికేటర్ వేసున్న కారును ఎడమ సందులోంచి దాటబోయిన బైకుకూ వాటా పడుతుంది.

మీడియన్ గ్యాప్‌లో యూటర్న్ తీసుకునే కారు, ఎదురుగా వచ్చే బైకు: తిరిగేవాడే ఆగాలి. కారు ఎడమ వైపున అడ్డంగా సొట్ట పడితే వాదించడానికి పెద్దగా ఏమీ ఉండదు. కారు తిరగడం పూర్తయి, లేన్‌లో సూటిగా నిలబడ్డాక డిక్కీ మధ్యలో గుద్దితే కథ వేరు.

వెనక నుంచి గుద్దినప్పుడు దూరం పాటించలేదన్న అనుమానం వెనకవాడి మీదే మొదలవుతుంది. ముందు బండికి బ్రేక్ లైట్లు వెలగకపోయినా, ఓవర్‌టేక్ చేసి వెంటనే ముందుకు దూరి బ్రేకు కొట్టినా, రివర్స్‌లో వచ్చినా అది తిరగబడుతుంది. కోయంబత్తూరులో ఒక కారు హైవే మధ్యలో హఠాత్తుగా ఆగింది. వెనక బైకు దాన్ని గుద్ది పడింది, ఆ వెనక బస్సు బైకు నడిపే అబ్బాయి కాలు మీదుగా పోయింది. 2025 జులైలో సుప్రీంకోర్టు కారుకు 50 శాతం, బస్సుకు 30, బైకుకు 20 వేసింది.

రాంగ్ సైడ్‌లో వచ్చిన బైకుకు తప్పులో వాటా ఎక్కువే. ఆగిన క్యాబ్ డోరు చూడకుండా తీస్తే తీసినవాడిదే తప్పు. సిగ్నల్ లేని జంక్షన్‌లో కుడి నుంచి వచ్చేవాడికి దారివ్వాలి, చిన్న రోడ్డు నుంచి వచ్చేవాడు మెయిన్ రోడ్డువాడికి దారివ్వాలి. బైకు వెనక కూర్చున్నవాళ్లకు మామూలుగా తప్పులో వాటా ఉండదు. రెండు బండ్లదీ తప్పైతే ఏ బండి ఇన్సూరెన్స్ నుంచైనా మొత్తం పరిహారం అడగొచ్చు.

హెల్మెట్ లేదు, లైసెన్స్ లేదు, ముగ్గురెక్కారు అని అవతలివాళ్లు గొంతు పెంచుతారు. వాటికి ఫైన్ వేరు. ముగ్గురెక్కడం ప్రమాదానికి గానీ దెబ్బలకు గానీ కారణమైతే తప్ప పరిహారం తగ్గించకూడదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది.

కాగితాల దగ్గర

క్యాజువాలిటీలో డాక్టరు "ఎలా జరిగింది?" అంటే కంగారులో "బైకు స్కిడ్ అయింది సార్" అనేస్తారు. ఎంఎల్‌సీలో (పోలీసు కేసు కోసం ఆస్పత్రి రాసే రికార్డులో) తనంతట తానే పడ్డాడని నమోదవుతుంది. ఏడాది తర్వాత ఇన్సూరెన్స్ లాయర్ ముందు తీసేది ఆ కాగితమే. జరిగింది జరిగినట్టు, కారు నంబరుతో సహా చెప్పండి.

బెంగళూరులో ప్రమాదం కేసు ఆ ఏరియా ట్రాఫిక్ పోలీస్ స్టేషన్‌లో రాస్తారు. ప్రమాదం జరిగిన చోటికొచ్చి చేసే పంచనామాను ఇక్కడ మహజరు అంటారు, దాంతోపాటు స్కెచ్ గీస్తారు. అది కన్నడలో ఉంటుంది. అక్షరాలు మనవాటికి దగ్గరే కాబట్టి కూడబలుక్కుని చదవొచ్చు. ముఖ్యంగా రెండు మాటలు వెతకండి: "ఎడ" అంటే ఎడమ, "బల" అంటే కుడి. స్కెచ్‌లో బాణం ఒకటి తారుమారైతే మీ బైకు రాంగ్ సైడ్‌లో వచ్చినట్టవుతుంది. అర్థం కాని చోట చదివి వినిపించమని అడిగాకే సంతకం పెట్టండి. మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ చూసేవరకు బండి రిపేరుకు ఇవ్వొద్దు, మిర్రర్ కూడా సరిచేయొద్దు.

ఎఫ్ఐఆర్‌లో నిందితుడిగా మీ పేరుందని కుంగిపోనక్కర్లేదు, ట్రిబ్యునల్ సాక్ష్యం విడిగా చూస్తుంది. రోడ్డు మీదే రాజీ పడితే రెండు బండ్ల నంబర్లు, తేదీ, మొత్తం రాసి ఇద్దరూ సంతకం చేయండి. దెబ్బలు తగిలితే మాత్రం రాజీ వద్దు, మోకాలి లిగమెంటు సంగతి వారానికి గానీ తెలియదు. తప్పు బైకుదై కారు ఖరీదైనదైతే ఒకటి గుర్తుంచుకోండి: టూవీలర్ పాలసీ అవతలి ఆస్తి నష్టానికి మామూలుగా లక్ష రూపాయల వరకే ఇస్తుంది, కారు పాలసీ అయితే ఏడున్నర లక్షలు. పరిహారం కోసం ట్రిబ్యునల్‌లో వేసే క్లెయిమ్ పిటిషన్‌కు చట్టంలో ఉన్న గడువు 6 నెలలు. దాన్ని బెంగళూరులోనే వేయాలని లేదు. మీ కాపురం అనంతపురంలోనో చిత్తూరులోనో ఉంటే అక్కడి ట్రిబ్యునల్‌లోనే వేయొచ్చు.