అంకుడు కర్ర, 4వ పాఠం: ముందు కాయల గొడవ తేలాలి

అంకుడు చెట్టు పెంచి, దాని కర్రతో లక్కబొమ్మలు చేయడం మన పాఠాల పని. ఈసారి లక్క పూత మొదలుపెడదామనుకున్నాను. మీరు పంపిన ఫొటోలు చూశాక కుదరదని తేలింది. మీలో చాలామంది తెచ్చినవి అంకుడు గింజలు కావు, దానిలాగే కనిపించే కొడిశపాల చెట్టువి. తప్పు నాదే. "జంటగా వేలాడే కాయలు ఎండాక కోయండి" అని రాసి ఊరుకున్నాను. రెండు చెట్లకూ పాలు కారతాయి, తెల్లని పూలు పూస్తాయి, జంటకాయలు కాస్తాయి. గింజకు దూదికుచ్చు కూడా రెండింటికీ ఉంటుంది.

అంకుడు కాయలు పచ్చిగా ఉన్నప్పుడు జంట కొనలు అతుక్కుని ఉంటాయి, నోరు మూసిన పట్టుకారులా. కొడిశపాలవి మొదటినుంచీ విడివిడిగానే వేలాడతాయి. చిక్కెక్కడంటే, పండేసరికి అంకుడు కొనలూ విడిపోతాయి. నా మాట విని ఎండాక వెళ్లినవారికి తేడా ఎలా తెలుస్తుంది? కాబట్టి పచ్చికాయల మీదే చెట్టును గుర్తుపట్టి, కొమ్మకు గుడ్డపీలిక కట్టి రండి. కాయ గోధుమరంగుకు తిరిగాక, పగలకముందే కోయండి. ఇంకా అనుమానముంటే ఆకులు తుంచి కొబ్బరినూనెలో వేసి ఎండలో ఉంచండి. అంకుడైతే నూనె ఊదారంగుకు తిరుగుతుంది. ఈ ఆకుల నుంచి ఒకప్పుడు నీలిరంగు తీసేవారు.

కొడిశపాల మొలిచినవారు పీకేయకండి. దాని బెరడు విరేచనాలకు ఆయుర్వేదంలో పేరున్న మందు. మనకు కావలసింది మాత్రం ఏటికొప్పాక లక్కబొమ్మల కర్ర. కర్ణాటకలోని చన్నపట్నం బొమ్మలకూ ఇదే వాడతారు.

విత్తడం, నీళ్లు పెట్టడం మీకు తెలిసినవే. కొమ్మ కోయడమూ అంతే. నేను మణికట్టు లావువే కోస్తాను. మొదలు నరికినా పిలకలు వేస్తుంది కానీ నాకు చెయ్యి రాదు.

ఇక "కోసిన కర్ర ఎండబెట్టాం, పగిలింది" అన్నవారికి. ఎండబెట్టమని ఎవరన్నారు? నీడలో ఆరబెట్టమన్నాను. ఎండలో పడేస్తే పైపొర ముందే ఆరి ముడుచుకుంటుంది, లోపలి తడి కదలదు. పగలక ఏం చేస్తుంది? కర్ర కొనల నుంచి తడి మరీ తొందరగా పోతుంది, అందుకే అక్కడ పూత వేయాలి. మైనం మంచిదంటారు, నేను పేడే రాస్తాను. భయపడి బెరడుతోనే మూల కుప్పపోస్తే బూజుపట్టి, తెల్లని కర్రమీద నీలపు మరకలు పడతాయి. పసుపు లక్క కింద అవి దాగవు. కోసిన రోజే బెరడు తీసి, నీడలో, నేల తగలకుండా, మధ్యలో పుల్లలు పెట్టి పేర్చండి. లక్క వేయడానికీ కర్ర ఆరాలి. లేత్ మీద తిరుగుతున్న కర్రకు లక్క ఒత్తితే రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది. తడి కర్రకూ అంటినట్టే ఉంటుంది, తరవాత కర్ర ముడుచుకుని లక్క పూత పగులుతుంది.

అభ్యాసం: అడుగు పొడవు ముక్కలు ఆరు. ఒకదాన్ని కావాలనే, కొనలకు పూత లేకుండా, ఎండలో పెట్టండి. మిగతావి నీడలో. ప్రతి ఆదివారం ఆరింటినీ తూచి రాసుకోండి. నీడలోవాటి బరువు వరుసగా మూడు వారాలు మారకపోతే ఆరినట్టు. నెలలు పట్టవచ్చు. లక్క పూయడం, మొగలి ఆకుతో మెరుగు పెట్టడం ఆ లెక్కలు చూశాకే.